మింగని గోలీ

గోలీని మా కళ్ల ముందే మింగాలన్న రూలు పెట్టింది డాక్టరమ్మ కాదు, నేను. తప్పెవరిదని తర్వాత ఎవరూ నన్ను నిలదీయలేదు. నిలదీస్తే చెప్పుకోవాల్సిన మాటే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

అరవై ఎనిమిదో సంవత్సరం, డిసెంబరు నెల. చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టి వెనక గల్లీలో రెండు గదులూ ఒక వరండా ఉన్న కుటుంబ నియంత్రణ కేంద్రంలో నేను నర్సుని. పేరు లీలమ్మ, ఇల్లు ఛత్రినాక. డాక్టర్ నాగమణమ్మగారు ప్రతి గురువారం పదింటికి వచ్చి, ఒంటిగంటకల్లా జీపెక్కి ఇంకో కేంద్రానికి వెళ్లిపోయేవారు. కడుపు రాకుండా లోపల పెట్టే లూపులు వేయాలంటే ఆ మూడు గంటలే.

లూపు పేరు చెబితే అప్పట్లో ఆడవాళ్లకు వణుకు. అది గుండెలోకి పాకుతుందనీ, మొగుడికి షాకు కొడుతుందనీ ఎన్నెన్ని కథలు అల్లారో! అవన్నీ ఉత్త మాటలే. వేసేటప్పుడు నొప్పి మాత్రం ఉత్త మాట కాదు. పరదా వెనక ఒకామె "అమ్మో" అని అరిస్తే, బెంచీ మీదున్న ఐదుగురిలో నలుగురు చెప్పులు వెతుక్కునేవారు. అది చూసి డాక్టరమ్మ ఒక పద్ధతి తెచ్చారు. లూపుకి గంట ముందు ఒక నొప్పి గోలీ ఇవ్వాలి. అది మింగి గంటసేపు కూర్చుంటే పొత్తికడుపులో పోటు సగానికి తగ్గేది. కేకలు తగ్గాయి, బెంచీ నిండటం మొదలైంది.

అయితే మా ఆడవాళ్లు తక్కువ వాళ్లా? గోలీ తీసుకుని కొంగున ముడేసుకుని ఇంటికి పట్టుకుపోయేవారు, మొగుడి తలనొప్పికో, అత్త మోకాళ్లకో. గోలీ వాళ్లకు, నొప్పి తనకు. నాకు ఒళ్లు మండిపోయింది. వరండాలో మందుల కిటికీ దగ్గరే నీళ్ల కుండ పెట్టించి, కాంపౌండరు చూస్తుండగా మింగితేనే చీటీ మీద టిక్కు పడుతుందని హుకుం జారీ చేశాను.

కాంపౌండరు అబ్దుల్ వాహెద్ భాయ్ మెత్తని మనిషి. ఆ గల్లీల్లోనే పుట్టి పెరిగాడు. చుట్టుపక్కల ఏ ఇంటి మగవాడైనా మసీదులో అతని పక్కన నిలబడేవాడే. అప్పుడు అది నాకు పెద్ద విషయంగా తోచలేదు.

ఆ గురువారం రంజాన్ నెల ఇరవయ్యో రోజు. బెంచీ మీద సలీమా ఉంది. ఇరవై నాలుగేళ్ల పిల్ల, ముగ్గురు బిడ్డలు. చిన్నదానికి ఎనిమిది నెలలు. ఆ కాన్పులో నెత్తురు ఆగక రెండు సీసాల రక్తం ఎక్కించారు. ఇంకో కాన్పయితే మనిషి దక్కదని పెద్దాసుపత్రిలో రాసిచ్చిన కాగితం నాలుగు మడతలు పెట్టి తెచ్చి, ముందు వారమే నాకు చూపించింది. మొగుడు బొంబాయిలో పని. పండక్కి వస్తున్నాడు, ఐదు రోజుల్లో. "నువ్వు ఆపరేషన్ చేయించుకో" అని కిందటిసారి వచ్చినప్పుడు అడిగితే నవ్వేశాడట.

అందుకే ఆ గురువారం దాటితే లాభం లేదు. డాక్టరమ్మ లూపు నెలసరి రోజుల్లోనే వేసేవారు. ఆ రోజుల్లోనైతే కడుపుతో లేదని నమ్మకం, లోపలి దారి కూడా కాస్త మెత్తబడి ఉంటుంది. పొద్దున పదింటికి లోపలి గదిలో సలీమా నా చెవిలో చెబితే చీటీ మీద నేనే రాశాను, నాలుగో రోజు అని. రాసి, గోలీ కోసం కిటికీ దగ్గరికి పంపాను.

పదకొండున్నరకు ఆమె వంతు వచ్చింది. చీటీ చూస్తే టిక్కు లేదు.

"గోలీ ఏసుకోలే?"

"లేదు నర్సమ్మా."

"ఎందుకు?"

బురఖా ముసుగు ఎత్తి ఉంది. కళ్లు ఒక్కసారి కిటికీ వైపు పోయి, కిందికి దిగాయి. "రోజా ఉన్న," అంది.

నెలసరిలో ఉన్న ముసల్మాను ఆడదానికి రోజా ఉపవాసం లేదు, నమాజూ లేదు. ఇది నాకు తెలుసు. ఇరవై ఏళ్లుగా ఈ గల్లీల్లో కాన్పులు చేస్తున్నదాన్ని, వీళ్ల పద్ధతులు నాకు తెలియనివి ఉన్నాయా అని నా గర్వం. రోజా ఉంటే నెలసరి లేనట్టు. నెలసరి లేకుంటే నాలుగో రోజన్నది అబద్ధం. మరి అబద్ధం ఎందుకు చెబుతుంది? కడుపుతో ఉంది, లూపు వేయించుకుంటే పోతుందని ఆశ.

ఇంత గబగబా అనుకోవడానికి కారణం ఉంది. రెండేళ్ల కింద సక్కుబాయి అనే ఆమె ఇలాగే తేదీ మార్చి చెప్పింది. లూపు వేశాం. కడుపు పోయి, జ్వరం పట్టుకుని, పదిహేను రోజులు ఆసుపత్రిలో చావు బతుకుల మధ్య ఉంది. ఆ చీటీ రాసింది కూడా నేనే. ఆ భయం నా గొంతులో కోపమై కూర్చుంది.

"రోజా ఉన్నవా? మరి నాలుగో రోజని ఎట్ల రాయించినవ్?"

సలీమా మళ్లీ కిటికీ వైపే చూసింది.

"అటేం జూస్తవ్, నా మొఖం జూడు. కడుపుతోని ఉన్నవ్ గదా? లూపు ఏయించుకుంటే సాఫైతదనుకున్నవా? సస్తవ్!"

ఈ మాటలు నేను మెల్లగా అనలేదు. బెంచీ మొత్తం విన్నది. కిటికీలో అబ్దుల్ వాహెద్ భాయ్ తల దించుకుని సీసాలు సర్దుతున్నాడు. సలీమా ఒక్క మాట చెబితే అయిపోయేది. ఆ మాటే చెప్పలేదు. ముసుగు కిందికి లాక్కుని, చంటిదాన్ని చంకనేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. చూశావా, దొంగ దొరికింది అనుకున్నాను. చీటీ మీద ఎర్ర పెన్సిలుతో అడ్డగీత కొట్టాను.

నన్ను పిలిచింది బెంచీ చివర కూర్చున్న ఖైసర్ బేగం. అరవై దాటిన ముసలామె, దగ్గు మందు కోసం వచ్చింది. దగ్గరికి వంగమని సైగ చేసి, నా చెవి పట్టుకుని లాగినంత పని చేసింది.

"లీలమ్మా, నీకు అక్కల్ ఉందా లేదా?" అంది. "ఆ పోరి రోజా లేదు, ఏం లేదు. నమాజుకు ఛుట్టీలనే ఉంది."

"మరి గట్ల ఎందుకు చెప్పింది?"

"మగోడు కూసున్నడు గదా కిటికీల! రంజాన్ల పట్టపగలు వాని ముంగట నీళ్లు తాగితే ఏమని అర్థం? నాకు నెలొచ్చిందని గల్లీల డప్పు కొట్టినట్టు గాదా? ఇంట్ల మేం కూడా గంతే. మొగోళ్ల ముంగట రోజా ఉన్నట్టే ఉంటం. తలుపెన్క తింటం. మా అమ్మ గట్లనే, మా అమ్మమ్మ గట్లనే. ఇరవై ఏండ్లు ఉన్ననంటవు, గింత ఎరుక లేదా?"

పరదా కిటికీకి నాలుగడుగుల దూరంలో ఉంది. లోపలికి తీసుకుపోయి అడిగితే సరిపోయేది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా ఆయన రోజూ నన్ను దెప్పుతాడు. ఆ రోజు ఆ సామెత చెంపదెబ్బలా తగిలింది.

గడియారం పన్నెండుకు పది నిమిషాలు. డాక్టరమ్మ లోపల ఇంకొకామెను చూస్తున్నారు. చీటీ మీద సలీమా చిరునామా ఉంది. ఒక గోలీ తెల్ల కోటు జేబులో వేసుకుని, ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగాను.

పత్తర్‌గట్టిలో పండగ బేరాలు. హోటళ్ల ముందు పరదాలు దించి ఉన్నాయి, బట్టల దుకాణాల దగ్గర మాత్రం అడుగు పెట్టే సందు లేదు. గుల్జార్ హౌజ్ దాటి, చార్మినార్ దాకా పోయి లోపలి గల్లీలోకి తిరిగేసరికి నా చీర కుచ్చిళ్లు కాళ్లకు చుట్టుకున్నాయి. ఇద్దరిని అడిగితే మూడో మనిషి ఇల్లు చూపించాడు.

ఇల్లంటే ఒక్కటే అర్ర. తలుపు బదులు గోనెపట్టా. లోపల మంచం మీద పక్షవాతం వచ్చిన మామ. మంచం పక్కనే కుంపటి పెట్టుకుని ఇద్దరు మరుదులు లక్క గాజులు చేస్తున్నారు. ఇంకో మూల పొయ్యి, పొయ్యి దగ్గర సలీమా. అత్త పోయి మూడేళ్లయిందట. నన్ను చూసి సలీమా చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఎవరు బేటీ?" అన్నాడు ముసలాయన.

"నర్సమ్మ, అబ్బా," అంది. నేనేం మాట్లాడతానో ఆమెకు తెలియదు. ఇందాక అంతమంది ముందు కడుపుతో ఉన్నావని ఆమె మీద అరిచిన మనిషిని. ఇక్కడ కూడా అరుస్తానేమోనని ఆమె మొహంలో రక్తం లేదు.

"పాపకు టీకా ఏపియ్యాలె," అన్నాను. "డాక్టరమ్మ ఒంటిగంటకు పోతది. జల్దీ తీసుకరా."

పెద్ద మరిది తలెత్తాడు. "టీకా పోయిన నెలనే ఏసిన్రు గదా?"

"అది వేరే, ఇది వేరే."

"జుహర్ నమాజ్ అయినంక పో బేటీ," అన్నాడు మామ. "నన్ను లేపి కూసోబెట్టాలె గదా."

జుహర్ అంటే మధ్యాహ్నం నమాజు, అది అయ్యేసరికి జీపు ఉండదు. సలీమా నా వైపే చూస్తోంది. నమ్మాలా వద్దా అని ఆ కళ్లు తూకం వేస్తున్నాయి. నేను నమ్మమని అడిగే మొహం మిగుల్చుకోలేదు. అయినా ఊరుకోలేదు.

"మంచిది బాపూ, ఉండనియ్యి. మల్ల ఈ టీకా పండగ అయినంకనే. అందాక పోరికి పెద్దమ్మ పోస్తే మాత్రం నన్ను అనొద్దు."

మశూచి పేరెత్తగానే ముసలాయన చేయి అల్లాడించాడు. "జావ్, జావ్. జల్దీ ఆ."

సలీమా బిడ్డను ఎత్తుకుని బురఖా తొడుక్కుంది. గల్లీ మలుపు తిరిగేదాకా గబగబా నడిచాం.

"నన్ను జూటీ అంటివి, నర్సమ్మా," అంది అప్పుడు.

"అన్న. తప్పు నాది. అందరి ముంగట అన్న, అది ఇంకా తప్పు."

నేను జేబులోంచి గోలీ తీసి ఆమె చేతిలో పెట్టాను. "నోట్లె ఏసుకో. ముసుగుల ఎవ్వలు చూస్తరు?"

"నీళ్లు?"

నీళ్లెక్కడివి? రంజాన్‌లో, మిట్టమధ్యాహ్నం, చార్మినార్ పక్కన బురఖాలో ఉన్న ఆడదానికి నీళ్లు ఎవర్నడగను? ఉత్తగా మింగమన్నాను. ఆమె ముసుగులోంచి చేయి పైకి తీసుకెళ్లబోయి ఆగిపోయింది. ఎదురుగా వచ్చే అత్తరు దుకాణాయన ఆమె చంకలో బిడ్డను గుర్తుపట్టి "కైసీ హై మున్నీ?" అని పలకరించాడు. ఆ తర్వాత ఆమె ఆ గోలీని పిడికిట్లో బిగించుకుంది. నేనూ ఇక బలవంతం చేయలేదు. నడక పరుగయింది.

మేం వెనక తలుపులోంచి లోపలికి వచ్చేసరికి పన్నెండూ నలభై ఐదు. బయట జీపు డ్రైవరు హారను కొడుతున్నాడు. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటున్నారు.

"ఎక్కడికి పోయావు లీలమ్మా? ఒక్కదాన్నే చేసుకున్నాను."

చెప్పాను. ఏదీ దాచలేదు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ మొత్తం విని, ఒక్క మాటే అన్నారు.

"మరి ఈ పరదా ఎందుకు కట్టుకున్నాం మనం?"

ఆ వెంటనే ఆవిడ సలీమా వైపు చూశారు.

"గోలీ వేసుకుందా?"

సలీమా పిడికిలి విప్పింది. గోలీ చెమటకు తడిసి అంచులు కరిగి ఉంది.

"ఇప్పుడు మింగినా అది పనిచేసేసరికి గంట పడుతుందమ్మా," అన్నారు డాక్టరమ్మ. "నేను అంతసేపు ఉండలేను. మొద్దుబార్చే సూదిమందు కూడా అయిపోయింది. గోలీ లేకుండా వేస్తే చాలా నొప్పి. ఓర్చుకోలేక కదిలితే లోపల దెబ్బ తగులుతుంది. వచ్చే గురువారం రా, ఏదో ఒకటి చూద్దాం."

"వచ్చే గురువారంకు ఆయన వస్తడు, డాక్టరమ్మా."

"ఆయనకు చెప్పు, కొన్నాళ్లు దూరంగా ఉండమని."

సలీమా ఆవిడను వింత మాట విన్నట్టు చూసింది. తర్వాత బిడ్డను నా చేతుల్లో పెట్టి, "ఏసెయ్యండి. కదల," అని తనే బల్ల ఎక్కింది.

బిడ్డను వరండాలో ఖైసర్ బేగం ఒళ్లో పడేసి వచ్చాను. బెంచీ మీద ఇంకా ముగ్గురు ఆడవాళ్లున్నారు. మధ్యాహ్నం పట్టీలకూ బిళ్లలకూ వచ్చినవాళ్లు, వచ్చే వారానికి పేర్లిచ్చినవాళ్లు. చెవులు ఇటే ఉన్నాయి. మందుల కిటికీకీ ఈ గదికీ మధ్య ఉన్నది చెక్క పలకల గోడ. అవతల అబ్దుల్ వాహెద్ భాయ్ కాగితం చింపినా ఇవతలికి వినబడుతుంది.

డాక్టరమ్మ చూశారు. చూసి నా వైపు తలెత్తి, "నాలుగో రోజే," అన్నారు. అంతకన్నా ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

మొదటి పనిముట్టు తగలగానే సలీమా ఒళ్లు విల్లులా బిగుసుకుంది. నా మణికట్టు పట్టుకుంది. "ఊపిరి తీస్కో. వదులు. మల్ల తీస్కో," అంటున్నాను. ఆమె రెండో చేత్తో బురఖా కొసను నోట్లో కుక్కుకుంది. కళ్లు పలకల గోడ మీదే ఉన్నాయి. గొంతులోంచి ఒక మూలుగు పైకి రాబోయింది, దాన్ని అక్కడే నొక్కేసింది. నుదుటి మీద చెమట చెవుల్లోకి కారుతోంది. నడుము కింద మాత్రం అంగుళం కదల్లేదు.

"కొలత తీసుకున్నాను. ఇంకొక్కటే," అన్నారు డాక్టరమ్మ.

ఆ ఒక్కదానికే ఆమె గోళ్లు నా చర్మంలో దిగాయి. గోడ అవతల సీసా మూత బిగిస్తున్న చప్పుడు. పొద్దున ఒక్క గ్లాసు నీళ్లతో తప్పిపోవాల్సిన నొప్పి ఇది. నా నోటివల్ల వచ్చిన నొప్పి. ఏడుపు నాకొచ్చింది, ఆమెకు కాదు.

"అయిపోయింది."

పట్టు సడలింది. ఆ వెంటనే మనిషి మొహం తెల్లబడి, కళ్లు పైకి తేలిపోయాయి. నాడి చేతికి దొరకడం లేదు. డాక్టరమ్మ "కాళ్లు ఎత్తు!" అని అరిచారు. రెండు కాళ్లూ నా భుజాల మీద వేసుకుని నిలబడ్డాను. ఒకటి, రెండు, మూడు... ఎంతసేపో తెలియదు. బయట జీపు హారను ఆగకుండా మోగుతోంది. మెల్లగా ఆమె పెదవులకు రంగొచ్చింది.

"పడిందా?" అని అడిగింది కళ్లు తెరవకుండానే.

"పడింది," అన్నారు డాక్టరమ్మ. "ఇక కొన్నేళ్లు నీకు భయం లేదు. నెలకోసారి వచ్చి చూపించుకో." ఆవిడ సలీమా తల మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆగారు. "అరగంట పడుకోనివ్వు లీలమ్మా. కడుపులో పోట్లు వస్తాయి, ఆ గోలీ ఇప్పుడు వెయ్యి." బ్యాగు తీసుకుని వెళ్లిపోయారు. జీపు కదిలిన చప్పుడు వినిపించింది.

నేను వెనక తలుపు గడియ వేశాను. కొత్త గోలీ తీసి, వరండాలోకి పోయి కుండలోంచి చెంబెడు నీళ్లు ముంచుకుని, ఒక గ్లాసూ తెచ్చాను. అబ్దుల్ వాహెద్ భాయ్ ఎవరికని అడగలేదు.

సలీమా లేచి గోడకు ఆనుకుని కూర్చుంది. గోలీ నోట్లో వేసుకుని గ్లాసు ఎత్తింది. గటగటా తాగేసి గ్లాసు చాపింది. మళ్లీ పోశాను. అదీ తాగేసింది. మూడోది కూడా. నీళ్లు గడ్డం మీదుగా మెడలోకి కారుతున్నా ఆగలేదు.

"నిమ్మళంగ, నిమ్మళంగ. కడుపుల తిప్పుతది."

"నాలుగు దినాలాయె అక్కా," అంది. నన్ను అక్కా అనడం అదే మొదలు. "ఛుట్టీల ఉండి గూడ పగటిపూట నీళ్ల చుక్క ముట్టక నాలుగు దినాలాయె."

"నీకు రోజా లేదు గదా! ఇంట్ల తాగొచ్చు గదా? తలుపెన్క తింటరని ఖైసరమ్మ..."

అంటూనే ఆగిపోయాను. ఆ అర్ర నా కళ్ల ముందుకొచ్చింది. మంచం మీద మామ, కుంపటి దగ్గర ఇద్దరు మరుదులు, తెల్లారినప్పటి నుంచి పొద్దు గూకేదాకా.

"తలుపెన్క ఏడుంది అక్కా? తలుపే లేదాయె," అంది. అని నవ్వబోయింది. "పాలు గూడ తగ్గినయ్. మున్నీ రాత్రంత ఏడుస్తున్నది."

దేవుడు సెలవిచ్చాడు. అయినా ఆమెకు సెలవు దొరకలేదు. దొరికిన ఒక్క పరదా చాటునూ పొద్దున నేనే ఆమెకు లేకుండా చేశాను. తప్పయిందని మళ్లీ అనాలనుకున్నాను. ఆ మాట ఎంత చిన్నదో తెలిసి, నా అన్నం డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాను. రెండు ముద్దలు పప్పన్నం తిని, చాలంది.

చెంబులో మిగిలిన నీళ్లు కూడా తాగింది. తర్వాత నా చీర కొంగు అడిగి తీసుకుని మూతి తుడుచుకుంది. ఒకసారి తుడిచి సరిపోలేదనుకుందేమో, పెదవుల మీద తడి అన్నది లేకుండా, పొడిబారి తెల్లగా అయ్యేదాకా మళ్లీ మళ్లీ తుడిచింది.

"కనపడ్తున్నదా?" అని మొహం నా వైపు తిప్పింది.

"లేదు," అన్నాను.

బిడ్డను ఎత్తుకుని, నొప్పికి ఒక చేత్తో గోడ పట్టుకుంటూ, కిటికీ ముందు నుంచి మెట్లు దిగి వెళ్లింది.